ఫైబరు తెప్పకు తగిలిన చిన్న గాయములు

(తీరగ్రామ మత్స్యకారుల శిక్షణ శిబిరమున ఒక పడవ మరమ్మతు పనివాడు చేసిన ప్రసంగ పాఠము)



ఏటేటా ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, అనగా 61 దినములు, మన తూర్పు తీరమున మరపడవలకును ఇంజను బిగించిన పడవలకును వేట నిషేధింపబడి యుండునని మీకందరకు తెలిసినదే. చేపలు గ్రుడ్లు పెట్టుకొను కాలము గనుక ఆ ఏర్పాటు జరిగినది. ఆ దినములలో మగవారు వలలు బాగుచేసికొందురు. ఇంజనును విప్పి శుభ్రము చేయింతురు. తెప్పను మాత్రము ఒడ్డున బోర్లించి దానిమీద వలలు ఆరవేయుదురు. దాని అడుగున ఏమి జరిగినదో చూచువారు అరుదు. నేడు నేను చెప్పదలచినది ఆ అడుగును గూర్చియే. పెద్ద పగుళ్లను గూర్చి నేను మాట్లాడను. గోరంత గీత, రూపాయి బిళ్లంత చొట్ట, అరచేయంత పెచ్చు, వీనిని మీ చేతులతో మీరు ఎట్లు బాగుచేసికొనవచ్చునో చెప్పెదను.

మన తాతలనాటి తెప్ప వేరు. తేలిక జాతి కొయ్యమానులు మూడో, నాలుగో, అయిదో చేర్చి త్రాళ్లతో బిగించి కట్టెడివారు. ఆ మానులు నీరు పీల్చునని వారికి బాగుగా తెలియును. కావుననే వేటనుండి రాగానే కట్లు విప్పి, మానులను విడివిడిగా ఇసుకపై పరచి, ఎండనిచ్చి, మరల తెల్లవారుజామున కట్టుకొనెడివారు. ఎండిన మాను తేలును, నానిన మాను మునుగును. ఇది వారు ఏ బడిలోను నేర్చుకొన్నది కాదు. పిల్లలు కూడ ఆ మానులను మోసి చూచి, ఎంత నానినదో చెప్పగలిగెడివారు.

తరువాత ఫైబరు వచ్చెను. 1979లో మద్రాసు కేంద్రముగా మొదలైన బంగాళాఖాత కార్యక్రమము వారు, కెరటములను దాటి ఒడ్డున దిగగల పడవలను మన ఉప్పాడ వంటి చోట్ల పరీక్షించి చూపిరి. అడవులలో కొయ్య కరవైన కొలది ఫైబరు తెప్పయే మన తీరమంతట వ్యాపించినది. అది ఏమి? గాజును సన్నని దారములుగా తీసి, ఆ దారముల చాపను రెజిన్ అను జిగట ద్రవముతో తడిపి, అచ్చులో గట్టిపడనిచ్చిన పెంకు. ఆ పెంకు లోపల తేలుట కొరకు నురుగు దిమ్మలు నింపుదురు. పెంకు నీరు పీల్చదు, చెదలు పట్టదు, కుళ్లదు. అయితే ఒక్క లోపమున్నది. పాత తెప్పను విప్పి ఆరబెట్టుకొనగలిగితిమి. దీనిని విప్పలేము. పెంకులో దారి దొరకి నీరు లోపలికి పోయినయెడల అది లోపలనే ఉండిపోవును, మన కంటికి కనబడదు.

ఇది నేను పుస్తకములో చదివి చెప్పుట లేదు. నాకు తగిలిన దెబ్బ చెప్పుచున్నాను.

మా బావ తెప్పకు ఒకనాడు అడుగున, అణియమునకు రెండు మూరల వెనుక, రాయి గీచుకొని జానెడు గీత పడెను. అప్పుడు చేపలు బాగుగా పడుచున్న దినములు. నేను చూచి, "బావా, రెండు రోజులు ఆపు, ఆరబెట్టి అతికిస్తాను" అంటిని. "ఇంతోటి గీతకి వేట మానుకుంటామా బావా! పైన ఏదో పూసెయ్, నిషేధంలో చూద్దాంలే" అని అతడనెను. నేను పనివాడనై యుండియు ఆ మాట వింటిని. తడిసి యున్న గీతమీద, గుడ్డతో తుడిచి, రెజిన్ పూసి, రంగు వేసితిని. చూచుటకు క్రొత్త తెప్పవలె నుండెను. బావ సంతోషించెను. నేను డబ్బు తీసికొనలేదు గాని, చేయి తిరిగిన పనివాడనని కొంత గర్వపడిన మాట నిజము.

మూడు నెలలు గడచినవి. నలుగురు లాగెడి తెప్పను ఆరుగురు లాగవలసి వచ్చెను. ఇసుక మెత్తగా నున్నదనిరి, చక్రములు అరిగినవనిరి. మా అక్క మాత్రము ఒక ఉదయము చేపల బుట్టతో పోవుచు ఆగి, "ఒరేయ్ తమ్ముడూ, తెప్ప రాత్రంతా ఒడ్డున ఉందా, అయినా దాని కింద ఇసుక తడిగా ఉందిరా. తెప్ప ఏడుస్తోందిరా, చూడు" అనెను. నేను చూడలేదు. ఆ వారములోనే తెప్ప ఒడ్డుకు వచ్చుచుండగా కెరటము ప్రక్కనుండి తగిలెను. కుడివైపు నానియుండుటచే తెప్ప తిరిగి నిలుచుకొనలేక బోర్లపడెను. బావకు భుజపుటెముక విరిగెను. అతనితోనున్న కుఱ్ఱవాడు నీరు త్రాగి స్పృహ తప్పి, దేవుని దయవలన బ్రతికెను. వలలు పోయినవి. తరువాత నేను ఆ పెంకును కోసి, లోపలి నురుగును పిడికిట పట్టి పిండితిని. గుడ్డను పిండినట్లు నీరు కారెను. గీత చేసిన హానికంటె నా పూత చేసిన హాని ఎక్కువ. అప్పటికే లోపలికి పోయిన నీరు వెలికి వచ్చెడి త్రోవను నేను మూసితిని. పూత ఊడి సన్నని సందు పడినచోట మరల నీరు పోవుచు వచ్చినది.

బావ నన్ను ఒక్క మాట అనలేదు. అనియున్న బాగుండెడిది.

ఇక పనిలోనికి వత్తును. మొట్టమొదట గాయమును వెదకవలెను. తెప్పను మంచినీటితో కడిగి, ఆరిన తరువాత, ఒక రూపాయి బిళ్లతో పెంకుమీద చిన్నగా కొట్టుచు పోవలెను. గట్టిగా నున్నచోట ఖణీమని పలుకును. పెంకు నురుగునుండి విడిపోయినచోట గాని, పొరలు విడిపోయినచోట గాని చప్పుడు మొద్దుబారును. కుండ కొనునప్పుడు మన ఆడువారు వ్రేలితో కొట్టి చూడరా, అదే విద్య. మొద్దు చప్పుడు ఎంతవరకు వచ్చునో సుద్దతో గీత గీయుడు. పైకి గోరంత కనబడిన దెబ్బ క్రింద చేటంత మేర విడిపోయి యుండవచ్చును. పైపూతపై బొబ్బలు లేచియుండి, గ్రుచ్చినప్పుడు పులిసిన వాసన గల ద్రవము కారినయెడల, నీరు పొరలలోనికి పోయి రెజిన్‌ను చెఱచుచున్నదని గ్రహింపవలెను. పైపూతలో మాత్రమే సాలెగూడువంటి వెంట్రుక గీతలుండి చప్పుడు బాగుగా నున్నయెడల తొందరలేదు, గుర్తు పెట్టుకొని నిషేధకాలమున చేసికొనవచ్చును. గాజు దారములు బయటపడినవా, ఆ దినముననే తెప్పను నీటికి దింపుట మానవలెను.

రెండవది ఆరబెట్టుట. దీనిని గూర్చి నేనెంత చెప్పినను చాలదు. ముందు మంచినీటితో పలుమార్లు కడుగుడు. ఉప్పునీరు ఆరిన తరువాత ఉప్పు అచ్చటనే మిగులును. ఉప్పు గాలిలోని తేమను లాగుకొనును, అతుకును పట్టనీయదు. కడిగిన తరువాత గాయము క్రిందివైపునకు వచ్చునట్లు తెప్పను ఒరగబెట్టి, నీడలో, గాలి తగులుచోట ఉంచుడు. మండుటెండలో పెట్టిన త్వరగా ఆరునని తలచెదరు. మూసియున్న పెంకులోని గాలి వేడికి వ్యాకోచించి, నురుగునుండి పెంకును ఇంకను విడదీయును. చిన్న గీత మాత్రమే యైన నాలుగయిదు దినములు చాలును. నురుగు నానియున్నయెడల వారములు పట్టును, ఒక్కొక్కప్పుడు ఎన్నటికిని ఆరదు. అట్టిచోట నానిన మేర కోసి తీసివేయుటయే దారి. ఆరినదో లేదో తెలియుటకు నేను చేయునది ఇది: గాయముపై పలుచని ప్లాస్టిక్కు కాగితమును పరచి, నాలుగంచులు పట్టీతో అంటించి, ఒక పగలు ఉంచుదును. సాయంకాలము కాగితము లోపలివైపు చెమ్మ పట్టియున్న ఇంకను తడి యున్నదన్నమాట. చెమ్మ లేకున్న పని మొదలు పెట్టవచ్చును.

లోపల నున్న నురుగు ఏ జాతిదో తెలిసికొనకుండ ఎవ్వరును రెజిన్ డబ్బా మూత తీయరాదు. ఈ మాట నేర్చుకొనుటకు నేను ఇంకొక తప్పు చేయవలసి వచ్చినది.

విశాఖపట్నము దగ్గర రుషికొండ తీరమున నీటి ఆటలు నేర్పుదురు గదా. అచ్చట పొడవైన పలకపై నిలుచుండి, నిలువెత్తు తెడ్డుతో నీటిని త్రోయుచు పోవుదురు. దానిని చూచి మా ముసలివారు నవ్విరి. "తెప్పమీద నిలబడి తెడ్డు వెయ్యడం మేము డబ్బిచ్చి నేర్చుకున్నామా?" అనిరి. నవ్వుటకు కారణమున్నది గాని, ఆ పలక కట్టుబడి మన ఫైబరు తెప్పకు తమ్మునివంటిదే: లోపల నురుగు, పైన గాజుగుడ్డ పెంకు. మన పెంకు నాలుగయిదు మిల్లీమీటర్ల మందమైన, దానిది ఒక మిల్లీమీటరుకు అటునిటు. ఒక యువకుడు అట్టి పలకను రాతికి కొట్టుకొని చిల్లి పడగా నా వద్దకు తెచ్చెను. తెప్పలకు వాడు పాలియెస్టరు రెజిన్‌నే దానిలో పోసితిని. చూచుచుండగనే చిల్లి పెరిగి, లోపలి నురుగు మంచువలె కరగి, పిడికిలి పట్టునంత గుంట యేర్పడెను. ఆ నురుగు థర్మకోల్. పాలియెస్టరు రెజిన్‌లో స్టైరీన్ అను ద్రవముండును. అది థర్మకోల్‌ను కరగించివేయును. చిన్న చిల్లి మరమ్మతు చేయబోయి పెద్ద గుంట చేసి, చివరకు నా డబ్బుతో వేరొకచోట బాగుచేయించి యిచ్చితిని.

మన తెప్పలలో కొన్నింట థర్మకోల్ దిమ్మలును, కొన్నింట పసుపుపచ్చని పాలియురితేన్ నురుగును నింపుదురు. పరీక్ష సులభము. గాయమునుండి గోటంత నురుగు తీసి, గాజుసీసా మూతలో వేసి, రెండు చుక్కల ఎసిటోను గాని పెట్రోలు గాని పోయుడు. కరగి జిగురైన అది థర్మకోల్. కరగకయున్న పాలియురితేన్. పాలియురితేన్ అయిన మనకు అలవాటైన పాలియెస్టరు రెజిన్ వాడవచ్చును. థర్మకోల్ అయి, అది బయటపడినచో ఎపాక్సీయే వాడవలెను. ఎపాక్సీకి ఖరీదు ఎక్కువ, గట్టిపడుటకు కాలము ఎక్కువ. అయినను పట్టు గట్టిది, అది నురుగును తినదు.

పెంకును చెక్కుటలో తప్పు చేయువారు పలువురు. గీతను గీతవలెనే ఉంచి దానిమీద చాపముక్క అతికింతురు. అది కొన్నాళ్లకు పొట్టువలె లేచిపోవును. గీత చుట్టును వాలుగా, పళ్లెము అంచువలె, చెక్కవలెను. పెంకు మందము ఎంతయో దానికి పండ్రెండు రెట్లు వాలు ఉండవలెనని లెక్క. నాలుగు మిల్లీమీటర్ల పెంకుకు గాయము చుట్టును దాదాపు 50 మిల్లీమీటర్లు, అనగా రెండంగుళములు. ముతక ఎమరీ కాగితముతో రుద్దిన చాలును. మర ఉన్నవారు మరతో చేయవచ్చును. ఆ దుమ్ము గాజు దుమ్ము. ముక్కుకు ముసుగు, కంటికి అద్దములు, ఒంటిమీద పొడుగు చేతుల చొక్కా లేకుండ ఈ పని చేయరాదు. పిల్లలను దగ్గరకు రానీయవద్దు. చెక్కిన తరువాత ఎసిటోనుతో తడిపిన శుభ్రమైన గుడ్డతో ఒకసారి తుడిచి, ఆపై ఆ చోటును చేతితో ముట్టరాదు. చేపల నూనె అంటిన చేయి ముట్టినచోట ఏ రెజిన్ కూడ పట్టదు. ఎసిటోను పెట్రోలువలెనే మండునది. బీడీ కాల్చుకొనువారు దూరముగా పోవుడు.

ఇప్పుడు కలుపుట. ఇచ్చట ప్రాణమునకు సంబంధించిన మాట ఒకటి చెప్పవలసి యున్నది. పాలియెస్టరు రెజిన్ గట్టిపడుటకు రెండు ద్రవములు కలుపుదురు. ఒకటి ఊదారంగు కోబాల్ట్. రెండవది నీటివలె నుండెడి హార్డెనరు. ఈ రెండింటిని ఒకదానితో నొకటి నేరుగా ఎన్నడును కలుపరాదు. ఒకే గిన్నెలో, ఒకే పిచికారీలో, ఒకే గుడ్డమీద కూడ కలియరాదు. కలిసినచో భగ్గుమని మండును, ప్రేలును. ముందు కోబాల్ట్‌ను రెజిన్‌లో పోసి బాగుగా కలియబెట్టి, అది పూర్తిగా కలిసిన తరువాత హార్డెనరు పోయవలెను. రెండు సీసాలను ఒకే పెట్టెలో ఉంచరాదు. ఇంటిలో అయితే రెండు వేరు గదులలో పెట్టుకొనుడు. కొన్ని రెజిన్‌లలో కోబాల్ట్ ముందుగనే కలిపి అమ్ముదురు. కొనునప్పుడు అడిగి తెలిసికొని, అట్టిదానికి మరల కోబాల్ట్ కలుపకుడు.

హార్డెనరు కంటిలో చుక్క పడినను చూపు పోవచ్చును. పడినచో క్షణమైనను ఆలసింపక, పదిహేను నిమిషములకు తక్కువ కాకుండ ధారగా మంచినీరు పోసి కడిగి, వెంటనే ఆసుపత్రికి పోవలెను. కావున పని మొదలిడుటకు ముందే బిందెడు మంచినీరు చేతికందునంత దూరమున ఉంచుకొనుడు.

కొలత ఇట్లు: నూరు గ్రాముల రెజిన్‌కు ఒక గ్రాము కోబాల్ట్, ఒక గ్రాము హార్డెనరు. మందుల దుకాణమున దొరకు సూది లేని పిచికారీలు రెండు కొని, ఒకటి దీనికి, ఒకటి దానికి గుర్తుపెట్టి వాడుకొనుడు. ఒక మిల్లీలీటరు దాదాపు ఒక గ్రాము అనుకొనవచ్చును. చలి దినములలో హార్డెనరును రెండు గ్రాములవరకు పెంచవచ్చును. మే నెల ఎండలో పెంచవద్దు. అట్లని ఒక గ్రాముకు బాగుగా తగ్గించినను పెంకు ఎప్పటికిని పూర్తిగా గట్టిపడదు. వేడి దినములలో మందు తగ్గించుటకంటె తెల్లవారుజామున పని చేయుటయు, ఒక్కసారి కలుపు రెజిన్ తగ్గించుటయు మేలు. గట్టిపడునప్పుడు రెజిన్‌లో వేడి పుట్టును. లోతైన డబ్బాలో ఎక్కువ కలిపి వదలినచో పొగలు క్రక్కును. వెడల్పు గిన్నెలో, పావుగంటలో వాడగలిగినంతయే కలుపుడు. మిగిలిన రెజిన్‌ను తాటాకుల ప్రక్కన పారవేయక ఇసుకలో పోయుడు. హార్డెనరు అంటిన గుడ్డలను నీటిబకెట్టులో వేయుడు.

చాపను గూర్చి. అంగళ్లలో చదరపు మీటరుకు 300 గ్రాములు, 450 గ్రాములు తూగు చాపలు దొరకును. ఈ పొడి దారముల చాప తన బరువునకు రెండున్నర రెట్లు రెజిన్ త్రాగును. 450 గ్రాముల చాప ఒక చదరపు అడుగు తీసికొన్న అది దాదాపు 42 గ్రాములుండును. దానికి నూరు గ్రాముల పైచిలుకు రెజిన్ కావలెను. ఒక్కొక్క పొర గట్టిపడిన పిదప సుమారు ఒక మిల్లీమీటరు మందమిచ్చును. అనగా నాలుగు మిల్లీమీటర్ల పెంకుకు నాలుగు పొరలు. వీనిని ఒకేసారి పేర్చక, రెండు వేసి, వేడి తగ్గిన తరువాత తక్కిన రెండు వేయుడు. చాపముక్కలను కత్తెరతో కత్తిరింపక చేతితో చింపుడు. చింపిన అంచున దారములు పలుచబడి, పెంకుతో కలిసిపోవును. ఒక్కొక్క ముక్క వెనుకటిదానికంటె కొంచెము పెద్దదిగా నుండవలెను.

ముందు చెక్కినచోట కుంచెతో రెజిన్ పూసి, ముక్క పరచి, మరల రెజిన్ పెట్టి, కుంచె కొసతో పొడుచుచు తడుపుడు. గోడకు సున్నము వేసినట్లు అటునిటు రాయరాదు, దారములు పోగుపడును. తెల్లగా నున్న చాప తడిసి గాజువలె స్వచ్ఛమగును. తెల్లని మచ్చలు మిగిలిన అవి గాలి బుడగలు. చిన్న రోలరుతో మధ్యనుండి అంచులకు నెట్టి వెలికి పంపుడు. బుడగ మిగిలినచోట రేపు గీత పడును. రెజిన్ ఎక్కువ పోసిన గట్టిదనము పెరుగునను భ్రమ మనలో చాలమందికి కలదు. బలము దారమునది. ఎక్కువైన రెజిన్ పెళుసై పగులును.

ఎపాక్సీ పద్ధతి వేరు. దాని రెండు పాళ్లను డబ్బామీద వ్రాసిన నిష్పత్తిలోనే కలుపవలెను. రెండుకు ఒకటన్న రెండుకు ఒకటియే. హార్డెనరు పెంచిన త్వరగా గట్టిపడుననుకొని పెంచినవారు వారము తరువాత కూడ మెత్తని బంకను గోకుకొనుచుందురు. ఎపాక్సీకి తెంపు దారముల చాప మంచిది కాదు. ఆ దారములను పట్టియుంచు జిగురు స్టైరీన్‌లోనే కరగును. కావున ఎపాక్సీకి నేసిన గాజుగుడ్డ కొనుడు. గట్టిపడిన ఎపాక్సీమీద పాలియెస్టరు సరిగా పట్టదు, పాలియెస్టరు మీద ఎపాక్సీ చక్కగా పట్టును. మొదలు ఎపాక్సీతో పెట్టినవారు చివరివరకు ఎపాక్సీతోనే ముగింపవలెను. నానిన నురుగు కోసి తీసినచోట క్రొత్త థర్మకోల్ ముక్కను బిగువుగా చెక్కి, ఎపాక్సీతో అతికి, పై గుడ్డ వేయుడు. దీనిని ఒట్టిచేతులతో ముట్టినవారికి చర్మముపై దద్దుర్లు రావచ్చును, తొడుగులు వేసికొనుడు. ఎండకు ఎపాక్సీ చెడును గనుక పైన రంగు తప్పనిసరి.

ఇక మెరుగు. ఒక రోజు గడచిన తరువాత ఎత్తుపల్లములను ఎమరీ కాగితముతో సరిచేసి, చిన్న గుంటలుంటే రెజిన్‌లో టాల్కు పొడి కలిపిన ముద్దతో నింపి, మరల రుద్దుడు. దానిమీద తెప్ప రంగు కలిపిన పైపూత వేయవలెను. ఈ పైపూత గాలి తగిలినంతకాలము జిగటగానే యుండునని చాలమంది విసుగుకొందురు. పూతపై పలుచని ప్లాస్టిక్కు కాగితమును ముడుతలు లేకుండ పరచినచో గాలి తగులక గట్టిపడును, కాగితము ఒలిచివేయవచ్చును. పిదప నీటితో తడుపుచు 240, 400, 600 నంబరు కాగితములతో వరుసగా రుద్దుడు. రంగు అచ్చముగా కలియలేదని బాధపడవలదు. మా ఊరిలో ఒక కుఱ్ఱవాడు రంగు కలియలేదని మూడుసార్లు చెరిపి పూసి, నాలుగవసారి ఎమరీతో అసలు పెంకునే అరగదీసెను. తెప్పకు పెండ్లిచూపులు లేవు. నీటికి దింపుటకు కనీసము ఒక దినము, వీలైన వారము ఆగుడు.

రుషికొండ వంటి చోట్ల పనిచేయు మన యువకులు గాలి నింపు పలకల మాట అడుగుదురు. అది ఫైబరు కాదు, ప్లాస్టిక్కు పొరల మధ్య వేలకొలది దారములు నిలువుగా కట్టిన సంచి. దానికి సైకిలు ట్యూబు విద్యయే చాలును. సబ్బునీరు పూసి బుడగ వచ్చుచోటు చూడుడు. తరచు గాలి పోవునది చిల్లినుండి కాదు, మూతనుండి. ముందు మూతను బిగించి చూడుడు. చిల్లియే అయిన గాలి తీసి, శుభ్రపరచి, ఆ పదార్థమునకు తగిన జిగురును రెండువైపుల పూసి, చేతికి అంటని మాదిరిగా ఆరిన తరువాత అతికి, ఒక దినము బరువు పెట్టియుంచి గాలి నింపుడు.

సముద్రముమీద నుండగా గాయమైనయెడల ఏమి చేయవలెను? నీటి గొట్టములకు పూయు రెండు ముద్దల ఎపాక్సీ ముద్ద ఒకటి తెప్పలో ఉంచుకొనుడు. బాగుగా పిసికి గాయములో అదిమిన, ఒడ్డు చేరువరకు నీటిని ఆపును. ఒడ్డు చేరిన తరువాత దానిని ఊడదీయవలెను. అది కట్టు, వైద్యము కాదు. ఇంజను బిగించు పలక దగ్గర పగులు, అమరమునుండి అణియమువరకు పోవు వెన్ను పగులు, నెత్తిమీద చేయి పట్టునంత చిల్లి, వీనిని మీరు ముట్టక పడవలు కట్టువారి యొద్దకు పంపుడు. నేనును పంపుదును.

చెప్పవలసినది చెప్పితిని. బయట తాటాకుల పాక క్రింద ఒరగబెట్టిన నీలిరంగు తెప్ప మా బావది. కుడివైపు నేను కోసిన కిటికీ అట్లే యున్నది. నానిన నురుగు తీసివేసి పందొమ్మిది దినములైనది. నిన్న అంటించిన ప్లాస్టిక్కు కాగితమును ఇప్పుడు తీసి చూడవలెను. మా అక్క ముందే వచ్చి అచ్చట కూర్చున్నది. చెమ్మ లేకున్న మొదటి పొరను మీ ఎదుటనే వేయుదును. ఉన్నయెడల మరల కాగితము అంటించి, వచ్చేవారము మిమ్ములను పిలుతును. రూపాయి బిళ్లలు తెచ్చుకొన్నవారు నాతో రండి.